నాన్న మారుతి 800, పావు మిల్లీమీటరు తేడా: నట్టు బోల్టు వెనక 180 ఏళ్ళ గొడవ

ఈ వారం ఎపిసోడ్ కి నా చేతిలో ఉన్నవి రెండే రెండు వస్తువులు. రెండు వీల్ నట్లు. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, ఫుల్ స్క్రీన్ చేసి చూడండి. రెండూ ఆరు మూలలవే. రంధ్రం చూడ్డానికి ఒకటే. పానా కూడా రెండింటికీ ఒకటే సరిపోతుంది. తేడా కనిపించిందా? నాకూ కనిపించలేదు. ఆ కనిపించని తేడా వల్ల పోయిన సంక్రాంతికి మా అమ్మా నాన్నా చెల్లీ ఉన్న కారు చక్రం హైవే మీద ఊడిపోయేంత పనైంది.

ముందు ఆ సంగతి చెప్పేస్తాను, తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

మా నాన్న దగ్గర 2004 మోడల్ మారుతి 800 ఉంది. అమ్మేద్దాం అంటే ఒప్పుకోరు. పండక్కి హైదరాబాద్ నుంచి గుడివాడ దగ్గర మా ఊరికి దాంట్లోనే వెళ్తాం అన్నారు. నాకు ఆ వారం రిలీజ్ ఉంది, సెలవు దొరకలేదు. కనీసం టైర్లన్నా మార్పించమని నన్ను పంపారు. టైర్ల షాపుకి వెళ్ళాను. కుర్రాడు చక్రాలు విప్పుతున్నప్పుడు ఒక నట్టు దొర్లుకుంటూ వెళ్ళి మురిక్కాలవలో పడింది. ఇంకో నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా అయిపోయింది. "ఏం పర్లేదన్నా, మన దగ్గర బోలెడున్నాయి" అని ఒక పాత డబ్బాలో చెయ్యిపెట్టి రెండు నట్లు తీశాడు. రెండు మూడు చుట్లు చేత్తో తిప్పాడు, ఆగింది. ఎయిర్ గన్ పెట్టాడు. గుర్రుమని లోపలికి వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ చూసుకుంటున్నాను.

నందిగామ దాటాక వెనక ఎడమ చక్రం దగ్గర టక టక మని శబ్దం మొదలైందట. నాన్న ముందు రోడ్డు బాలేదు అనుకున్నారు. తర్వాత స్టీరింగ్ లో కూడా తేడా తెలిసి పక్కకి ఆపారు. దిగి చూస్తే ఆ చక్రానికి ఉండాల్సిన నాలుగు నట్లలో ఒకటి లేదు. ఇంకోటి చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చేసింది, లోపల థ్రెడ్ అంతా పొడి పొడి. మిగతా రెండూ వదులుగా ఉన్నాయి.

ఫోన్ చేశారు. "ఒరేయ్, టైర్లు వేస్తున్నప్పుడు నువ్వు దగ్గరున్నావా?" అని అడిగారు. "ఉన్నాను నాన్నా" అన్నాను. అబద్ధం కాదు కదా.

కారుని రోడ్డు పక్క షెడ్డులో పెట్టి వాళ్ళు బస్సెక్కారు. మర్నాడు నేను రాత్రి బస్సులో దిగి, పాడైన బోల్టు ఒకటి, ఊడిపోయిన నట్టు ఒకటి రుమాల్లో కట్టుకుని విజయవాడ ఆటోనగర్ కి వెళ్ళాను. అక్కడ బోల్టులు మాత్రమే అమ్మే ఒక చిన్న దుకాణం. పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర. "బాబాయ్, మారుతికి వీల్ బోల్టులు కావాలి" అని రెండూ ఆయన చేతిలో పెట్టాను. ఆయన మూల నుంచి ఒక మంచి బోల్టు తీసి, నేను తెచ్చిన నట్టుని దానికి వేళ్ళతో తిప్పారు. సులువుగా చివరిదాకా వెళ్ళిపోయింది. నేను సంతోషపడ్డాను. ఆయన అన్నారు: "ఇది హ్యుందాయ్ లాంటి వాటికి వచ్చే బోల్టు బాబూ. మీ నట్టు దీనిది. మారుతిది ఒకటింపావు. ఇది ఒకటిన్నర."

ఒకటింపావు ఏంటి, ఒకటిన్నర ఏంటి? రెండూ 12 మిల్లీమీటర్ల బోల్టులే కదా? మరి రెండు రకాలు ఎందుకు పెట్టారు, ఎవడు పెట్టాడు? బస్సులో వెనక్కి వస్తూ ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అలా అలా 1841 దాకా వెళ్ళాను.

ఒక చిన్న మాట. మన షాపుల్లో అన్నిటినీ వీల్ బోల్టు అనే అంటారు. నిజానికి ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ కార్లలో బోల్టు విడిగా వచ్చి హబ్ లోకి బిగుస్తుంది. మారుతి, టొయోటా, హ్యుందాయ్ కార్లలో బోల్టు హబ్ కే దిగ్గొట్టి ఉంటుంది, మనం తిప్పేది నట్టు మాత్రమే. దిగ్గొట్టి ఉన్న దాన్ని స్టడ్ అంటారు. నేను షాపు భాషలో బోల్టు అనే అంటాను.

ఇప్పుడు ఒకటింపావు సంగతి. బోల్టు మీద గీతలు విడి విడి గీతలు కావు, ఒకే గాడి చుట్లు చుట్లుగా కిందకి దిగుతుంది. నట్టుని ఒక పూర్తి చుట్టు తిప్పితే అది ఎంత ముందుకి జరుగుతుందో దాన్ని పిచ్ అంటారు. మారుతి బోల్టుకి అది 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, టొయోటా, హోండా బోల్టులకి 1.5. తేడా పావు మిల్లీమీటరు. ఒక్క చుట్టుకి అది ఏమీ కాదు, అందుకే మొదటి రెండు మూడు చుట్లు చేత్తో తిరిగేస్తాయి. కానీ ప్రతి చుట్టుకీ పావు పావు చేరుతుంది. ఐదు చుట్లకి తేడా 1.25 అవుతుంది, అంటే ఏకంగా ఒక గాడి తప్పిపోతుంది. చేతికి ఆగిపోయేది అందుకే. అక్కడ ఆగకుండా గన్ పెడితే గట్టి ఇనుము మెత్తని ఇనుముని చెక్కేస్తుంది. గన్ కి మాత్రం బాగా బిగిసిందనే అనిపిస్తుంది. ఆ బిగువంతా ఒరుసుకోవడంలోనే ఖర్చైపోయింది, చక్రాన్ని నొక్కిపట్టింది ఏమీ లేదు.

నొక్కిపట్టడమే అసలు పని, ఇది నాకు కూడా కొత్త విషయం. కారు బరువుని బోల్టులు మేకుల్లా మోస్తాయి అనుకునేవాణ్ణి. కాదు. నట్టు బిగించినప్పుడు బోల్టు రబ్బరు బ్యాండులా కాస్తంత సాగుతుంది. సాగింది కాబట్టి వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు చక్రాన్ని హబ్ కి అదుముతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని జారకుండా ఉంచుతుంది. అదుముడు పోతే చక్రం రోడ్డు మీద ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం కదులుతూ బోల్టుల్ని వంచుతూ ఉంటుంది. మా కారులో రెండు తప్పు నట్లు ఏ పనీ చెయ్యలేదు. మిగతా రెండు నాలుగింటి పని చేసి అలిసిపోయాయి.

సరే, చరిత్ర.

ఏ బోల్టుకి ఏ నట్టైనా పట్టాలి అనేది మనకి గాలీ నీళ్ళలా మామూలు విషయం. 1800 ప్రాంతంలో అలా లేదు. ఇంగ్లండులో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, ఆవిరి ఇంజన్లు తయారవుతున్నాయి, కానీ ప్రతి వర్క్‌షాపు తన బోల్టుల్ని తన లెక్కలో చేసుకునేది. ఒకే షాపులో కూడా ఒక బోల్టు నట్టు ఇంకో బోల్టుకి పట్టేది కాదు. మెషిన్ విప్పినప్పుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తుపెట్టుకోవాలి. గుర్తు తప్పితే మళ్ళీ జత కుదుర్చుకోవడానికి రోజులు పట్టేది. లండన్ లో హెన్రీ మాడ్‌స్లే అనే ఆయన 1800కి కాస్త అటూ ఇటూ మంచి లేత్ ఒకటి తయారుచేశాడు. దాంతో ఒకే కొలతలో ఎన్ని స్క్రూలైనా కొయ్యొచ్చు. ఆయన షాపు వరకూ సమస్య తీరింది. పక్క షాపు సంగతి పక్క షాపుదే.

ఆ మాడ్‌స్లే దగ్గర పనిచేసిన కుర్రాళ్ళలో ఒకడు జోసెఫ్ విట్‌వర్త్. 1803లో స్టాక్‌పోర్ట్ లో పుట్టాడు. 1833లో మాంచెస్టర్ లో సొంత షాపు పెట్టాడు. కొలతల పిచ్చి ఉన్న మనిషి. ఆయన చేసిన ఒక కొలత యంత్రం అంగుళంలో పది లక్షల వంతు తేడాని కూడా పసిగట్టేది. 1841లో లండన్ లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పేపర్ చదివాడు. విషయం: దేశం మొత్తానికి ఒకే స్క్రూ థ్రెడ్.

నాకు బాగా నచ్చింది ఆయన పద్ధతి. కూర్చుని లెక్కలు వేసి "ఇదే శాస్త్రీయం, అందరూ మారండి" అనలేదు. దేశంలోని పెద్ద వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించాడు. అన్నిటినీ కొలిచాడు. సగటు తీశాడు. గాడి పక్కల మధ్య కోణం సగటున 55 డిగ్రీలు వచ్చింది, సరే 55 పెట్టుకుందాం అన్నాడు. ఏ లావు బోల్టుకి అంగుళానికి ఎన్ని చుట్లు ఉండాలో పట్టిక ఇచ్చాడు. అరంగుళం బోల్టుకి 12 చుట్లు. అంగుళం బోల్టుకి 8. ఎవరిదీ పూర్తిగా గెలవలేదు, ఎవరూ పూర్తిగా ఓడలేదు, అందుకే ఒప్పుకున్నారు. మా ఆఫీసులో ఐదు టీములు ఐదు రకాల డేట్ ఫార్మాట్లు వాడేవి. మేం సంవత్సరం పాటు మీటింగులు పెట్టి ఆరో ఫార్మాట్ కనిపెట్టాం. విట్‌వర్త్ ఉంటే బాగుండేది.

రైల్వే కంపెనీలు ముందుగా వాడటం మొదలుపెట్టాయి. అసలు పరీక్ష 1854లో, క్రిమియా యుద్ధంలో. నేవీకి చిన్న చిన్న గన్‌బోట్లు కావాలి, వెంటనే కావాలి, దాదాపు వంద. ఒక్క ఫ్యాక్టరీ అన్ని ఇంజన్లు అంత త్వరగా చెయ్యలేదు. జాన్ పెన్ అనే ఇంజన్ల తయారీదారు ఒక నమూనా ఇంజన్ విప్పి, ముక్కలు ముక్కలుగా వేరు వేరు వర్క్‌షాపులకి పంచేశాడు. నువ్వు ఇవి చెయ్యి, నువ్వు అవి చెయ్యి. అందరిదీ విట్‌వర్త్ థ్రెడ్ కాబట్టి తెచ్చి కలిపితే కలిశాయి. 90 రోజుల్లో 90 ఇంజన్లు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకరినొకరు ఎప్పుడూ చూడని మనుషులు చేసిన ముక్కలు ఒకదానికొకటి పట్టడం, అదీ ఇంత పెద్ద ఎత్తున, చాలామందికి అప్పుడే మొదటిసారి కళ్ళారా కనిపించింది.

అక్కడితో కథ అయిపోతే మా కారు కథ ఉండేదే కాదు. ఇప్పుడు సముద్రం దాటి ఫిలడెల్ఫియాకి రండి.

1864 ఏప్రిల్. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. విలియం సెల్లర్స్ అనే మెషిన్ టూల్స్ వ్యాపారి ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ లో లేచి, మనకి విట్‌వర్త్ వద్దు, మన థ్రెడ్ మనం పెట్టుకుందాం అన్నాడు. దేశాభిమానం కొంత ఉండొచ్చు, ఆయన వ్యాపారానికి లాభం కూడా ఉంది. కానీ ఆయన చూపిన కారణం మాత్రం నిఖార్సైనది. విట్‌వర్త్ థ్రెడ్ లో గాడి అడుగు, అంచు రెండూ గుండ్రంగా ఉంటాయి. అలా సరిగ్గా కొయ్యాలంటే మూడు రకాల కట్టర్లు, రెండు లేత్ లు, చెయ్యి తిరిగిన పనివాడు కావాలి. సెల్లర్స్ అంచుల్ని చదునుగా కోసేశాడు. కోణం 60 డిగ్రీలు పెట్టాడు. 60 అంటే సమబాహు త్రిభుజం. స్కూలు కంపాస్ బాక్సు ఉన్నవాడు కూడా గీసి, సరిచూసుకోగలడు. ఒక కట్టర్, ఒక లేత్, మామూలు పనివాడు చాలు.

ఇంగ్లండులో చెయ్యి తిరిగిన పనివాళ్ళు దొరుకుతారు. అమెరికాలో దొరికేవాళ్ళు తక్కువ, కూలి ఎక్కువ. థ్రెడ్ కోణం వెనక కూడా జీతాల లెక్క ఉంది. 1868లో అమెరికా నేవీ, ఆ మరుసటి ఏడాది పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సెల్లర్స్ థ్రెడ్ కి మారాయి. వాళ్ళకి బోల్టులు అమ్మే ప్రతివాడూ మారక తప్పలేదు.

ఇప్పుడు చూడండి తమాషా. సెల్లర్స్ పట్టికలో చాలా సైజులకి అంగుళానికి చుట్ల లెక్క విట్‌వర్త్ దే. కానీ అరంగుళం బోల్టుకి విట్‌వర్త్ ది 12, సెల్లర్స్ ది 13. చూపుకి తేడా తెలియదు. నట్టు మొదట తిరుగుతుంది, తర్వాత ఆగుతుంది. మా టైర్ల షాపు డబ్బాలో జరిగిందే, 140 ఏళ్ళ ముందు, అట్లాంటిక్ కి అటో ఇటో ఏదో డబ్బాలో జరిగే ఉంటుంది.

ఇలాంటి తేడాకి ఊరు కాలిపోయిన సంఘటన కూడా ఉంది. 1904 ఫిబ్రవరి 7, ఆదివారం, బాల్టిమోర్. ఊరి మధ్యలో పెద్ద మంట. వాషింగ్టన్ నుంచి ఫైర్ ఇంజన్లు రైలెక్కి వచ్చాయి. తర్వాత ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచి కూడా. మనుషులొచ్చారు, గుర్రాలొచ్చాయి, గొట్టాలొచ్చాయి. తీరా గొట్టం చివరి థ్రెడ్ బాల్టిమోర్ హైడ్రెంట్ కి పట్టలేదు. ప్రతి ఊరూ తన కొలత తను పెట్టుకుంది మరి. పక్కనే నీళ్ళున్నాయి, చేతిలో గొట్టం ఉంది, రెండూ కలవవు. రెండు రోజుల్లో 1500కి పైగా భవనాలు కాలిపోయాయి. మంట అంత పెద్దదవడానికి గాలి వగైరా వేరే కారణాలూ ఉన్నాయి, కానీ నాకు ఆ సీన్ మర్చిపోవడం కష్టం. గొట్టం చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ ఫైర్‌మన్ కి ఎలా ఉండి ఉంటుంది?

మూడో పార్టీ కూడా ఉంది: మిల్లీమీటర్ల వాళ్ళు. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ లో అంగుళం లెక్క ఎవడిక్కావాలి? 1898లో జూరిచ్ లో కూర్చుని మెట్రిక్ థ్రెడ్ ఒకటి ఒప్పుకున్నారు. కొలత మిల్లీమీటర్లలో, కోణం మాత్రం 60 డిగ్రీలు, సెల్లర్స్ పెట్టిందే.

ఈ మూడూ ఒకే చోట గుద్దుకుంటే ఏమవుతుందో తెలియాలంటే మోరిస్ కార్ల కథ వినాలి. ఇది నా ఫేవరెట్. ఫ్రాన్స్ లో హాచ్‌కిస్ అనే తుపాకుల కంపెనీ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వచ్చేస్తారేమో అని ఇంగ్లండులోని కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ పెట్టుకుంది. ఫ్రెంచి మెషిన్లతో, అంటే మిల్లీమీటర్ మెషిన్లతో. యుద్ధం అయిపోయాక తుపాకులు ఎవరిక్కావాలి, మోరిస్ కార్లకి ఇంజన్లు చెయ్యడం మొదలుపెట్టింది. 1923లో మోరిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. మెషిన్లన్నీ మార్చాలంటే బోలెడు ఖర్చు. అలాగని బోల్టులు మిల్లీమీటర్లలో ఉంటే ఇంగ్లండు మెకానిక్ దగ్గరున్న పానా పట్టదు. ఏం చేశారో తెలుసా? థ్రెడ్ మిల్లీమీటర్లలో ఉంచి, బోల్టు తల మాత్రం విట్‌వర్త్ పానాకి పట్టేలా చేశారు! మెకానిక్ తన పానాతో సుబ్బరంగా విప్పుతాడు. విప్పిన బోల్టు పోతే ఇంగ్లండు మొత్తం మీద మామూలు దుకాణంలో ఇంకోటి దొరకదు. పాత కార్ల వాళ్ళు దీన్ని పిచ్చి మెట్రిక్ అంటారు. 1950ల మధ్య దాకా ఎంజీ కార్ల ఇంజన్లలో కూడా ఈ పిచ్చి నడిచింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. లోపల పాత కోడ్ ముట్టుకోవడానికి భయం, బయట కొత్త బటన్ పెట్టేస్తాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకా పెద్ద తలనొప్పి. బ్రిటన్ దగ్గర రోల్స్ రాయిస్ మెర్లిన్ ఉంది, స్పిట్‌ఫైర్ విమానం ఇంజన్. ఎన్ని చేసినా చాలట్లేదు. అమెరికాలో ప్యాకర్డ్ అనే కార్ల కంపెనీకి 1940లో ఆ పని ఇచ్చారు. ప్యాకర్డ్ ముందు రెండు దార్లు. థ్రెడ్లన్నీ అమెరికా లెక్కలోకి మార్చడం మొదటిది. కానీ అప్పుడు డెట్రాయిట్ లో చేసిన ఇంజన్ కి ఇంగ్లండు ఎయిర్‌ఫీల్డ్ లో ఉన్న నట్టు పట్టదు. అందుకని రెండోది ఎంచుకున్నారు: అమెరికాలో కూర్చుని బ్రిటిష్ థ్రెడ్లే కొయ్యడం. దానికి కావాల్సిన పనిముట్లు అక్కడ దొరకవు, అవి కూడా వాళ్ళే చేసుకున్నారు. అలా 55 వేలకి పైగా మెర్లిన్లు చేశారు. ట్యాంకులు, లారీలు, తుపాకుల సంగతి సరేసరి. ఒకే సైన్యం, రెండు రకాల స్పేర్ డబ్బాలు.

యుద్ధం అయ్యాక, 1948 నవంబర్ 18న వాషింగ్టన్ లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక కాగితం మీద సంతకాలు పెట్టాయి. ఇకనుంచి మా ముగ్గురికీ ఒకటే థ్రెడ్. పేరు యూనిఫైడ్. కోణం 60. విట్‌వర్త్ 55 ఓడిపోయింది, 107 ఏళ్ళ తర్వాత. దానికి ముందు ఏడాదే, 1947లో, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పని మొదలుపెట్టింది. ఆ సంస్థలో కమిటీలకి నంబర్లుంటాయి. నంబర్ 1 కమిటీ దేనికో చెప్పండి? స్క్రూ థ్రెడ్లకి. 1965కి వచ్చేసరికి బ్రిటిష్ ప్రమాణాల సంస్థే, విట్‌వర్త్ ఇక పాతబడింది, మెట్రిక్ కి మారండి అని చెప్పేసింది.

మన దేశానికి వద్దాం. బ్రిటిష్ వాళ్ళు రైళ్ళతో పాటు విట్‌వర్త్ ని కూడా తెచ్చారు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళలో మైళ్ళు పోయి కిలోమీటర్లు, శేర్లు పోయి కిలోలు వచ్చాయి. కాగితం మీద. స్లాబ్ వేసేటప్పుడు ఇంజనీర్ 10 ఎంఎం రాడ్ అని రాస్తాడు, పెద్ద మేస్త్రీ మూడు నూళ్ళ కడ్డీ అంటాడు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంబాసిడర్ కారైతే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కి మన రూపం, అంగుళాల బోల్టుల బండి. 1990లలో దానికి జపాన్ ఇసుజు ఇంజన్ పెట్టారు, అది మిల్లీమీటర్ల ఇంజన్. దాంతో ఒకే బానెట్ కింద రెండు దేశాలు, మెకానిక్ దగ్గర రెండు సెట్ల పానాలు.

1983 డిసెంబర్ లో మారుతి 800 వచ్చింది, సుజుకి టెక్నాలజీతో, మొత్తం మెట్రిక్. ఇప్పుడైనా గొడవ తీరాలి కదా? ఇక్కడే నా ప్రశ్నకి జవాబు దొరికింది. ఐఎస్ఓ పట్టికలో 12 మిల్లీమీటర్ల బోల్టు ఎదురుగా ఒక్క పిచ్ లేదు. మామూలు పనులకి 1.75. సన్న థ్రెడ్ కావాలంటే 1.5 ఉంది, 1.25 కూడా ఉంది. మూడూ ప్రమాణమే. చక్రాలకి సుజుకి, నిస్సాన్, సుబారు 1.25 తీసుకున్నాయి. టొయోటా, హోండా 1.5 తీసుకున్నాయి, తర్వాత కొరియా నుంచి హ్యుందాయ్ కూడా అదే తీసుకుంది. ఎవరూ రూల్ తప్పలేదు. రూల్ లోనే రెండున్నాయి. మారుతి ఒక్కటే ఊరంతా ఉన్నప్పుడు టైర్ల షాపు డబ్బాలో నట్లన్నీ దాదాపు ఒకటే రకం. 1998లో శాంత్రో వచ్చి, తర్వాత మిగతావన్నీ వచ్చాక, డబ్బా కలగాపులగం అయిపోయింది. డబ్బా మీద మాత్రం ఇప్పటికీ ఏమీ రాసి ఉండదు.

పాత థ్రెడ్లు పోయాయి అనుకోకండి. ఇప్పుడు నన్ను షూట్ చేస్తున్న కెమెరా కింద ట్రైపాడ్ స్క్రూ ఉంది చూశారా? అది పావంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఫోన్ హోల్డర్లు, గింబల్స్ అన్నీ అదే. జపాన్, చైనా, జర్మనీ ఎవరు కెమెరా చేసినా అంగుళాల స్క్రూయే. మీ వంటింట్లో అరంగుళం కుళాయి విప్పి చూడండి, అది బ్రిటిష్ పైప్ థ్రెడ్, 55 డిగ్రీలు. విట్‌వర్త్ సగటు తీసిన ఆ 55. అక్కడ మాత్రం ఎవరూ ఓడించలేకపోయారు, ఎందుకంటే గోడల్లో ఉన్న పైపులన్నీ పగలగొట్టాలి.

మళ్ళీ ఆటోనగర్. నేను రెండు బోల్టులు అడిగితే పెద్దాయన నాలుగు ఇచ్చారు. "రెండే కదా బాబాయ్ పోయినవి?" అన్నాను. "మిగతా రెండూ ఎంత బరువు లాగాయో నీకు తెలుసా?" అన్నారు. నిజమే, పక్క బోల్టులు పాడైతే మిగిలినవి కూడా అలిసిపోయి ఉంటాయి, ఆ చక్రానికి అన్నీ మార్చడం మంచిది. ఒక సన్న రేకుల గేజ్ తీసి, 1.25 అని రాసిన రేకుని కొత్త బోల్టు మీద ఆనించి, వెలుతురుకి ఎదురుగా పెట్టి నాకు చూపించారు. పళ్ళ మధ్య సందు లేదు. అదే రేకుని హ్యుందాయ్ బోల్టు మీద పెడితే వెలుతురు కనిపించింది. పావు మిల్లీమీటరుని కంటితో చూడటం నాకు అదే మొదటిసారి. నాలుగు బోల్టులు, నాలుగు నట్లు. ఇద్దరి బిర్యానీ అంత కూడా కాలేదు.

షెడ్డులో మెకానిక్ డ్రమ్ విప్పి, పాత బోల్టుల్ని ముందు నుంచి సుత్తితో కొట్టి వెనక్కి తోసేశాడు. వాటి మెడ దగ్గర నిలువు పళ్ళుంటాయి, హబ్ లో కరుచుకోడానికి. కొత్త వాటిని వెనక నుంచి పెట్టి, ఆ పళ్ళు పాత గాట్లలో కూర్చునేలా చూసి, ముందు వైపు వాషర్లు పేర్చి పాత నట్టొకటి బిగిస్తూ మెల్లగా లోపలికి లాగాడు. చివరగా నట్లు. ఎదురెదురుగా, ఒకటి వదిలి ఒకటి. టార్క్ రెంచ్ మాత్రం నేను పక్క షాపులో అడిగి తెచ్చాను. చిన్న కార్లకి మామూలుగా 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకి ఎంతో మాన్యువల్ లో చూసుకోండి. వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి చూడమన్నాడు. గుడివాడ వెళ్ళాక చూశాను.

అన్నట్టు నాన్నకి ఆ రోజు రాత్రే చెప్పేశాను, ఫోన్ చూసుకున్న సంగతి. ఏమీ అనలేదు. పోయిన నెల పంక్చర్ కి షాపుకి వెళ్ళినప్పుడు మాత్రం గమనించాను. కుర్రాడు గన్ తీస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు బాబూ, ముందు వేళ్ళతో" అని, కింద కూర్చుని నాలుగు నట్లూ ఆయనే చివరిదాకా వేళ్ళతో తిప్పారు. వెనక ఇద్దరు కస్టమర్లు హారన్ కొడుతున్నారు. ఆయన లేవలేదు. నేను ఈసారి ఫోన్ జేబులో పెట్టుకుని పక్కనే నిలబడ్డాను.

మీ ఇంట్లో పాత అంబాసిడర్ గానీ, పద్మిని గానీ ఉంటే, దాని బోల్టుల కథ కామెంట్స్ లో రాయండి. వచ్చే వారం కలుద్దాం.